ఎనిమిదో మాట

బుధవారం మధ్యాహ్నం పెద్దలు కూర్చుంటారు. అడగబోయేది ఒక్కటే: బండి కదిలే ముందు ఎనిమిదో మాట పలికింది ఎవరు?

ఈ కబురు కమూనాకి సోమవారం పొద్దున గుడ్లు ఉడకబెడుతుండగా అందింది. తెచ్చింది అత్తగారు దాయా. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు గుమ్మం దాకా కూడా పనిచేయవు గాని చెవులు మాత్రం రెండు వీధుల అవతలి దాకా పనిచేస్తాయి. చావింటి ఏడు రోజులూ గడిచేదాకా ఈ విషయం ఎవరూ ఎత్తకూడదని మతగురువు రబ్బీ ఫ్రాజీ గట్టిగా చెప్పాడు. అందుకని యూదులుండే ఆ హారా పేటలో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

"ఎవరు పలికారో నీకు తెలుసు," అంది దాయా.

కమూనా గుడ్లని చన్నీళ్ళలోకి వంచింది.

"నీ సంగతి నాకు తెలీదటే? ఇక్కడ వంకాయలు వేయిస్తూ, వీధిలో పోయే పిల్ల ప్రార్థనలో ఒక మాట మింగితే పట్టుకునేదానివి."

"తెలుసత్తయ్యా. ఎవరిదో తెలుసు."

"అయితే చెప్పి ఊరుకో. పిల్లలదేముంది, నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతారు. పెద్దవాళ్ళ తప్పయితేనే ఊరు మర్చిపోదు."

"ఊరు మర్చిపోకపోతే పిల్లని మాత్రం ఎవరు మర్చిపోనిస్తారు?"

దాయా ఒక గుడ్డు తీసుకుని, వలుచుకుని, ఉప్పద్దుకుని తినేసింది. అవి చావింటికి పంపాల్సినవి. పక్కింటావిడ చేతికిచ్చి, ఎవరు పంపారో చెప్పొద్దని చెప్పి, ఆరు రోజులుగా కమూనా పంపుతూనే ఉంది. పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చేది. ఎవరు పంపారో తెలిసే తింటున్నారో, తెలియక తింటున్నారో, తెలిసి కుక్కలకి వేస్తున్నారో అడిగే ధైర్యం లేకపోయింది.

భర్త పోయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ ఒకరికొకరు మిగిలారు. ఎవరికి ఎవరు శిక్షో ఇంతవరకూ తేలలేదు. కమూనాకి ఇంటి బయట ఉన్నదల్లా ప్రార్థనామందిరం వెనక గది ఒక్కటే. పేటలో ఆడపిల్లలు పొద్దున సర్కారు బడికి వెళ్ళి అరబ్బీ, ఫ్రెంచి, లెక్కలు నేర్చుకుంటారు. నాలుగింటికి ఇంటికొచ్చి, నూనె పూసిన రొట్టెముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, ఆ నమలడం పూర్తికాకుండానే ఆ గదికి వస్తారు. హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, పండగల పద్ధతులు, పాలగిన్నెలో మాంసం గరిటె పెడితే ఏమవుతుందో, ఇవన్నీ అక్కడ నేర్చుకోవాలి. చిన్న తరగతి కమూనాది. ఏడూ ఎనిమిదేళ్ళ వాళ్ళు. పదిమంది.

పదిమంది అని ఇక్కడ రాయడం తేలిక. హారాలో ఆ మాట నోటితో ఎవరూ అనరు. మనుషుల్ని వేలుపెట్టి ఒకటీ రెండూ అని లెక్కపెడితే లెక్క తగ్గుతుందని వాళ్ళ నమ్మకం. దిష్టి అనుకోండి, ఇంకేమైనా అనుకోండి. ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు చేరారో లేదో చూసుకోవాలన్నా, పది మాటలున్న ఒక పవిత్ర వాక్యం తీసుకుని ఒక్కొక్క తలకి ఒక్కొక్క మాట చెప్పుకుంటూ పోతారు. వాక్యం పూర్తయితే పదిమంది చేరినట్టు. కమూనా అదే పద్ధతిని తరగతిలోకి తెచ్చింది. ఒక్కో పిల్లకి ఒక్కో మాట ఇచ్చేసింది. గదిలోకి రాగానే వరసగా ఎవరి మాట వాళ్ళు పలకాలి. మొదటి మాట పేట పెద్దల్లో ఒకరైన మఖ్లూఫ్ గారి పెద్ద మనవరాలిది. ఏడోది తీతాది. ఎనిమిదోది గజాలాది. "ఎత్తుకో" అని అర్థం వచ్చే మాట అది. తొమ్మిదోది మఖ్లూఫ్ గారి చిన్న మనవరాలు ఫొర్తూనాది. పిల్లలకి తమ మాటంటే ఎంత మమకారమంటే, ఒకరి మాట ఇంకొకరు పలికితే జుట్లు పట్టుకునేవాళ్ళు.

ఆ మమకారాన్ని చెడగొట్టింది కూడా కమూనాయే. చలికాలంలో తట్టు వచ్చి సగం మంది మంచం పట్టారు. వాక్యం నిండా చిల్లులు పడ్డాయి. మిగిలిన పిల్లలు ఒక్కొక్క చిల్లు దగ్గరా ఆగి, బిక్కమొహాలు వేసుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవారు. ఒకతె ఏడ్చేసింది, లేనివాళ్ళు చచ్చిపోతారేమో అని. "పిచ్చిమొహమా, లేనివాళ్ళ మాట పక్కనున్నవాళ్ళు చెప్పండి. మాట కింద పడకూడదు, అంతే," అంది కమూనా. పిల్లలు తేలికపడ్డారు. తట్టు తగ్గింది. అలవాటు మాత్రం ఉండిపోయింది. కడుపునొప్పి వచ్చినా, అలిగినా, అల్లం మిఠాయి నోట్లో ఉండి పలకలేకపోయినా, పక్కనున్న పిల్ల ఆ మాట చెప్పేసేది. వాక్యం రోజూ నిండుగా వచ్చేది. రోజూ నిండుగా వస్తే వినడానికి ఎంత బాగుంటుందో.

పోయిన మంగళవారం తోటకి వెళ్ళారు. వసంతంలో ఒకసారి వెళ్ళడం ఆనవాయితీ. సముద్రం వైపు, ఆలివ్ చెట్ల మధ్య ఎవరూ ఉండని పాత ఇల్లు. డ్రైవరు సాలెంకి బంధువులది. పిల్లలు పచ్చి బాదంకాయలు కోసుకుని తిన్నారు. ఎన్ని తినకూడదో అన్నీ తిన్నారు. ఎక్కువ బాదం ఎవరి గౌనులో ఉందన్న దగ్గర తీతా, గజాలా మాటామాటా అనుకున్నారు. గజాలా అలిగి, మొహం తిప్పుకుని ఇంటి వెనక్కి పోయింది. ఇంటి వెనక వాన నీళ్ళు పట్టుకునే తొట్టి ఉంది, నేలలోకి తవ్విన నుయ్యి లాంటిది. దాని మీద చెక్కమూత. ఆ మూత ఎంత కాలం నాటిదో ఎవరికి తెలుసు.

బయలుదేరే వేళకి ఒక పిల్ల బండిలోనే బాదమంతా కక్కేసింది. కమూనా దాని తల పట్టుకుని, గౌను తుడుస్తూ, మిగిలినవాళ్ళకి వీపు పెట్టి ఉంది. సాలెం వెనక్కి తిరిగి, వేలు చాపి మొదలుపెట్టాడు.

"ఒకటి, రెండు, మూడు..."

పిల్లలు అరచేతులతో మొహాలు కప్పుకుని కీచుమన్నారు. ఐదు దగ్గర కమూనా తల ఎత్తింది.

"సాలెం తమ్ముడూ, ఆపవయ్యా. మా పిల్లల్ని అలా వేలెట్టి లెక్కపెట్టకూడదు. మా పద్ధతి మాకుంది."

"మీ పిల్లలు, మీ ఇష్టం అమ్మా," అన్నాడు సాలెం. ఆ వేలుని ఏం చేసుకోవాలో తెలియనట్టు చెవి గోక్కున్నాడు.

"చెప్పండర్రా, మీ మాటలు," అంది కమూనా, తుడవడం ఆపకుండా.

వాళ్ళు చెప్పారు. పది మాటలూ వచ్చాయి. ఎనిమిదో మాట సన్నని ఈలతో వచ్చింది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నది తరగతిలో తీతాకి ఒక్కదానికే. కమూనా చెవి ఆ ఈలని విన్నది. చేతులు వాంతి తుడుస్తున్నాయి. చెవి విన్నదాన్ని పట్టించుకునే మనిషి ఆ క్షణాన లేదు.

హారా గుమ్మం దగ్గర గజాలా తల్లి మిసీకా రొట్టె పట్టుకుని నిలబడి ఉంది. పిల్లలు ఒక్కొక్కరే దిగారు. మిసీకా ఇంకా బండి తలుపు వైపే చూస్తూ ఉంది. "మా పిల్ల ఏదీ? నిద్రపోయిందా?" అంది నవ్వుతూ.

పొద్దుగుంకే వేళకి తండ్రి సస్సీయే తాడు పట్టుకుని తొట్టిలోకి దిగాడు. నీళ్ళు అతని ఛాతీ వరకే ఉన్నాయి. గోడ మీది పాచిలో చిన్న చిన్న గీతలున్నాయి. పట్నం నుంచి వచ్చిన డాక్టరు, వెంటనే పోలేదు, కొంతసేపు ఉండి ఉంటుంది, అన్నాడు. ఎంతసేపు అని సస్సీ అడిగితే, ఆయన తన సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అందుకే ఎనిమిదో మాట ఎవరిదన్నది అంత పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. ఆ మాట రాకపోయి ఉంటే బండి కదిలేది కాదు.

గజాలాకి రెండువైపులా ఇద్దరు. తీతా, లేకపోతే ఫొర్తూనా. పేట రెండుగా చీలింది. ఫొర్తూనా తాత మఖ్లూఫ్ వెండి వర్తకుడు, పెద్దల్లో ఒకడు. బుధవారం కూర్చోబోయేవాళ్ళలోనూ ఒకడు. తన మనవరాలు ఆ మాట పలకలేదని, అది ఎంత బుద్ధిమంతురాలో పుట్టినప్పటి నుంచీ చెప్పుకొచ్చాడని కమూనా విన్నది. తీతా తండ్రి పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చేవాడు. ఆయన ఎవరితోనూ ఏమీ చెప్పుకురాలేదు. ఆయన రొట్టెలు కొనేవాళ్ళు అప్పుడే కాస్త పలచబడ్డారు.

సోమవారం మధ్యాహ్నం తీతా తల్లి జైజా వచ్చింది, పిల్లని వెంటబెట్టుకుని. మామూలుగా అయితే జైజా గుమ్మంలోకి రాకముందే ఆమె నోరు ఇంట్లోకి వచ్చేస్తుంది. ఆ రోజు వచ్చి, చాప మీద కూర్చుని, కాసేపు కొంగు అంచు మడతపెట్టుకుంది.

"వదినా, అది తినడం లేదు. ఆరు రోజులైంది. పళ్ళు ఊడినందుకేమో అనుకున్నా."

"పళ్ళు ఊడితే గంజి తాగుతారు," అంది లోపలి నుంచి దాయా.

"నేను అడిగితే చెప్పదు. వాళ్ళ నాన్న అడిగితే చెప్పదు. నువ్వడిగితే చెబుతుందని..." జైజా కూతుర్ని కొంచెం దగ్గరికి లాక్కుంది. "చెప్పకపోయినా పర్లేదు వదినా. నువ్వేం విన్నావో అది నాకు చెప్పకు. అడగడానికి రాలేదు నేను."

"మరెందుకొచ్చావు?"

"ఏమో. ఇంట్లో కూర్చోలేక."

దాయాకి మందు తాగించే నెపం పెట్టుకుని జైజా లోపలికి వెళ్ళింది. గదిలో కమూనా, తీతా మిగిలారు. తీతా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది, పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడ్డట్టు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"పంతులమ్మా," అంది. ఊడిన పళ్ళ సందులోంచి గాలి వచ్చింది. "ఆ రోజు నేను..."

కమూనా పళ్ళెంలోంచి ఒక ఖర్జూరం తీసి దాని నోట్లో పెట్టింది.

"ముందు ఇది తిను."

"కాదు, నేను..."

ఇంకొకటి పెట్టింది. "గింజ మింగకు. చూసుకో."

తీతా బుగ్గలు రెండూ నిండిపోయి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూ, నమలలేక నిలబడింది. కమూనా దాని తల నిమిరి, వెళ్ళి మీ అమ్మని పిలుచుకురమ్మంది. తను వినని మాట తను చెప్పక్కర్లేదు కదా. వినకపోవడమే పిల్లకి మేలు చెయ్యడమనుకుంది. ఆ మాట తనకి తను రెండుసార్లు చెప్పుకుంది కూడా. ఒక్కసారి చెప్పుకుంటే సరిపోయే మాట కాదది.

తల్లీకూతుళ్ళు వెళ్ళాక దాయా అంది: "దాని నోరు మూశావు. నీ నోటి సంగతేంటి?"

"ఆలోచిస్తున్నా."

"నేనే పలికానంటావా? అంటే ఆ గది పోతుంది నీకు. అది పోతే పొద్దస్తమానం నా మొహమే చూడాలి. ఆలోచించుకో మరి."

"అదే ఆలోచిస్తున్నా అత్తయ్యా. రెండోది మరీ భయంగా ఉంది."

దాయా నవ్వింది. నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది. ఈ మధ్య ఆమెకి రెండూ కలిసే వస్తున్నాయి.

మంగళవారం పొద్దున మిసీకా ఇంట్లో వాళ్ళు సంతాపానికి కూర్చున్న నేల మీంచి లేచారు. ఏడు రోజులు గడిచాయి. బుధవారం నాలుగింటికి, పిల్లలు వచ్చే వేళకి, పెద్దలు ఆ వెనక గదికే వచ్చారు. వేరే చోటు దొరకలేదో, కావాలనే అక్కడ పెట్టారో. కూర్చోవడానికి పిల్లల బల్లలు తప్ప ఏమీ లేవు. రబ్బీ ఫ్రాజీ, మఖ్లూఫ్, సస్సీ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నారు. ఇంకోసారైతే కమూనాకి ఇంటికి వెళ్ళి దాయాకి చెప్పి నవ్వుకోవడానికి నెల రోజులకి సరిపడా సామాను అది. సాలెం తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మిసీకా కూడా వచ్చింది. ఆడవాళ్ళు రావడం మామూలు కాదు గాని, ఆమెని వద్దనగలిగినవాడు ఆ గదిలో ఎవడూ లేడు. చావుకి చింపుకున్న మెడపట్టీతోనే, కిటికీ కింద, చివరి బల్ల మీద కూర్చుంది.

సాలెం ముందు చెప్పాడు. లెక్కపెట్టబోయాననీ, ఐదు దగ్గర ఆగమన్నారనీ. చెప్పి, "వాళ్ళ పద్ధతి వాళ్ళకుందన్నారు. నేను తప్పనుకోలేదు," అన్నాడు. కమూనా వైపు చూడలేదు.

"నిజమేనా అమ్మా?" అన్నాడు రబ్బీ.

"నిజమే. నేనే ఆపించాను."

"తరవాత వాక్యం చెప్పించావు."

"చెప్పించాను."

"పూర్తిగా వచ్చిందా?"

"వచ్చింది."

మఖ్లూఫ్ గొంతు సవరించుకున్నాడు. "పక్కనున్న పిల్ల చెప్పడం ఇక్కడ అలవాటట. ఆ పక్కపిల్ల ఎవరో తేలాలి. ఎవరినో శిక్షించాలని కాదు. ఊరికే మాటలు పడుతున్నవాళ్ళు కొందరున్నారు, వాళ్ళకి న్యాయం జరగాలని."

"ఎనిమిదో మాట ఎవరిదమ్మా?" అన్నాడు రబ్బీ.

"గజాలాది."

"గజాలా లేదు. మరి ఎవరు పలికారు?"

గోడకి పది కొక్కేలున్నాయి, పిల్లలు సంచులు తగిలించుకోవడానికి. ఒక్కదానికే ఒక సంచీ వేలాడుతోంది. ఎనిమిది రోజులుగా ఎవరూ తియ్యలేదు. తియ్యాల్సినవాళ్ళకి తియ్యడానికి చేతులు రాలేదు. కమూనా దాన్ని చూస్తూ చెప్పింది.

"నేను."

మఖ్లూఫ్ బల్ల మీద కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. ఆయన భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి. దిగినందుకు సిగ్గుపడి మళ్ళీ ఎత్తుకున్నాడు.

"నువ్వా?" అన్నాడు రబ్బీ.

"ఒక పిల్ల కక్కుతోంది. నాకు తొందరగా ఉంది. ఎనిమిదో మాట దగ్గర ఆగింది. గజాలా అలిగి ఉంటుందనుకున్నాను. మాట కింద పడకూడదని నేనే పలికేశాను."

"వెనక్కి తిరిగి చూడకుండా?"

"చూడకుండా."

సస్సీ అప్పటిదాకా నేల చూస్తున్నాడు. లేచి సంచీ ఉన్న కొక్కెం దగ్గరికి వెళ్ళాడు. తీసుకోలేదు. దాని పక్క గోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ నియమమూ అడ్డు కాదు," అన్నాడు రబ్బీ. కోపం లేదు ఆ గొంతులో. పాఠం చెబుతున్నట్టుంది. "నువ్వే కదమ్మా పిల్లలకి చెప్పేది."

"నేనే చెబుతాను."

"లెక్కపెట్టడం వద్దనుకుంటే మానెయ్యొచ్చు. పేరు పెట్టి పిలిస్తే సరిపోయేది కదా."

ఎనిమిది రోజుల్లో ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు. ఇది ఎవరూ అనలేదు. కమూనాకీ తట్టలేదు. గజాలా, అని ఒక్కసారి. మూడక్షరాలు.

"సరిపోయేది," అంది.

రబ్బీ బల్ల మీంచి లేవడానికి రెండు ప్రయత్నాలు పట్టాయి. సాలెం వచ్చి చెయ్యి ఇచ్చాడు. ఇకపై ఈ గదిలో ఆమె చెప్పకూడదన్నాడు రబ్బీ. ఇంకొకరిని చూస్తామనీ, అంతవరకూ చిన్న తరగతి ఉండదనీ, తాళంచెవి సాయంత్రానికి ఇచ్చెయ్యమనీ. ఆ వాక్యాలన్నీ ముందే ఎక్కడో రాసిపెట్టుకున్నట్టు ఒక్క తడుముడు లేకుండా వచ్చాయి. గుమ్మం దగ్గర ఆగి, "నీకు మంచి జరగాలి," అన్నాడు. వెళ్ళేటప్పుడు అందరితోనూ అనే మాట అది. అన్నాక తనకే అదోలా అనిపించి గబగబా నడిచాడు. మఖ్లూఫ్ ఆయన వెనక. సాలెం సస్సీ భుజం పట్టుకుని తీసుకెళ్ళాడు.

మిసీకా లేవలేదు.

కమూనా బోర్డు తుడవడం మొదలుపెట్టింది. దాని మీద ఏమీ రాసిలేదు. ఎనిమిది రోజుల కిందట తుడిచిందే.

"అబద్ధం," అంది మిసీకా.

కమూనా చెయ్యి ఆగింది.

"మొన్న సాయంత్రం తీతా వచ్చింది మా ఇంటికి. ఒక్కతే. చావింటికి పిల్లల్ని రానివ్వరు, అయినా వచ్చింది. నా ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. బాదంకాయల దగ్గర్నుంచి. నీకు చెప్పబోతే నోట్లో ఖర్జూరాలు కుక్కావట."

"అది... దాని మంచికే అక్కా."

"నాకు చెప్పొద్దు. నేను విన్నాను. అది ఆపేదాకా విన్నాను. గజాలా అలిగితే మాట చెప్పదు పిన్నీ, అందుకని నేను చెప్పాను, తను వెనక సీట్లో ఉందనుకున్నాను, అంది. అని, నేను కొడతానేమో అని కళ్ళు మూసుకుంది." మిసీకా ఒళ్ళో చేతులు చూసుకుంది. "గుడ్డు ఇచ్చాను. తింది. నువ్వు పంపిన గుడ్లే."

కమూనా బోర్డుకి ఆనుకుంది.

"ఇంకెవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాను. చెప్పదు."

"నీకు తెలిసి కూడా ఇందాక ఊరుకున్నావు."

"నువ్వేం చెబుతావో చూద్దామని. పిల్ల పేరు చెప్పి ఉంటే నేను లేచేదాన్ని. దానికి ఆ మాట పలకడం నేర్పిందెవరో నేను చెప్పేదాన్ని, మా ఆయన ముందే. చెప్పలేదు నువ్వు. సరే. అంతమాత్రాన నిన్నేదో మెచ్చుకుంటాననుకోకు కమూనా. నువ్వు చెప్పింది అబద్ధమే గాని, తప్పు నీదే. అది నీకూ తెలుసు."

"తెలుసక్కా."

"ఈల వినపడిందా నీకు?"

ఈ ప్రశ్న పెద్దలు అడగలేదు. అడగడం వాళ్ళకి చేతకాదు. ఆ పిల్లకి పళ్ళు ఎప్పుడు ఊడాయో మగవాళ్ళకి ఏం తెలుసు.

"వినపడింది," అంది కమూనా.

బయట వీధిలో ఎవరో రొట్టెల పళ్ళెం మోసుకుపోతూ తప్పుకోండి తప్పుకోండి అంటున్నారు.

"సాలెం ఎంతవరకు లెక్కపెట్టాడు?" అంది మిసీకా.

"ఐదు."

"పూర్తి చెయ్యి."

"అక్కా..."

"నువ్వు ఆపించిన దగ్గర్నుంచి పూర్తి చెయ్యి. నాకు వినాలనుంది."

కమూనా బల్లల వైపు చూసింది. ఆ రోజు బండిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఆమెకి కళ్ళకి కట్టినట్టుంది. వేలు ఎత్తింది. జీవితంలో ఎప్పుడూ మనుషుల వైపు అలా చాపని వేలు. ఇప్పుడు కూడా మనుషులు లేరు, బల్లలే ఉన్నాయి.

"ఆరు," అంది. "ఏడు. ఎనిమిది. తొమ్మిది."

వేలు అక్కడ ఆగిపోయింది. తరవాత చూపించడానికి ఎవరూ లేరు.

"అంతేనా?" అంది మిసీకా. "అంతసేపే పట్టేదా?"

ఆమె లేచి, కొక్కేనికి ఉన్న సంచీ తీసి భుజాన వేసుకుంది. పిల్ల సంచీ. పట్టీ చిన్నది, భుజం దాకా రాలేదు. చంకలో ఇరికించుకుని, కమూనా వైపు చూడకుండా బయటికి నడిచింది. కమూనా బల్లలు సర్ది, కిటికీ మూసి, తలుపు తాళం వేసింది. రబ్బీ ఇంటికి వెళ్ళే దారిలో తీతా తండ్రి రొట్టెల కొట్టు దగ్గర ఆగి, ఇంట్లో ఉన్నాయో లేవో చూసుకోకుండా, నాలుగు రొట్టెలు కొంది.